అత్త పుట్టింటి నీళ్ళు

మొన్న ఎగువన వానలు బాగా పడి శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తిన రోజున మా అత్త నాకు ఫోను చేసింది. అత్త అంటే మా మేనమామ భార్య. మామ పోయి చాలా కాలమైంది. నంద్యాల దగ్గరి పల్లెలో పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది. ఆమెకు ఫోనంటే గిట్టదు. ఎదుటి మనిషి మొహం కనపడకుండా మాట్లాడటం గోడకు చెప్పుకున్నట్టు ఉంటుందంటుంది. అలాంటి మనిషి తనంతట తానే చేసేసరికి, ఒంట్లో ఏమైనా బాగాలేదేమోనని నేను కంగారుపడ్డాను. ఒంట్లో బాగానే ఉంది. "అల్లుడా, గేట్లెత్తినారంట గదా" అంది. "టీవీలో చూపిస్తాంటే మావోడు టక్కున మార్చేస్తాండాడు. పొద్దున సెల్లులో ఏందో నీళ్ళ బొమ్మ చూస్తాండి, నేను పోతానే తిప్పి పెట్టుకునె. నేనేం తప్పు చేసినానప్పా?"

"సిగ్నల్ సరిగ్గా లేదత్తా, మళ్ళీ చేస్తా" అన్నాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఫోను పెట్టేసి మా బంధువులందరూ ఉండే వాట్సాప్ గ్రూపు తెరిచి చూశాను. గేట్లలోంచి తెల్లగా దూకుతున్న నీళ్ళ వీడియో ఎవరో పెట్టారు. దాని కింద మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, ఇలా రాశాడు: "అమ్మకు ఎవరూ చూపించొద్దు. తట్టుకోలేదు." దాని కింద అందరూ వరసగా దండాలు పెట్టారు. అత్త ఎందుకు తట్టుకోలేదో మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. తెలియనిది ఒక్క అత్తకే. ఎందుకంటే ఆ సంగతి జరగలేదు. దాన్ని పుట్టించి, పెంచి, పెళ్ళిళ్ళకు తిప్పింది నేను. కర్నూల్లో కూర్చుని ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ లెక్క సరిచేయడానికే.

అత్త పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. కృష్ణ ఒడ్డున గట్టు మీద ఉండేది. డ్యాము కట్టాక వెనక నీళ్ళు వచ్చి నిలిచిన చోట ఎన్నో ఊళ్ళు మునిగాయి, వాటిలో అదొకటి. అప్పటికే అత్త పెళ్ళై మా వైపు వచ్చేసింది. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమె అన్న కుటుంబం నందికొట్కూరు వైపు వెళ్ళి స్థిరపడింది. మా ఇళ్ళల్లో ఎవరైనా "మీ పుట్టిల్లు ఎక్కడ?" అని అడిగితే అత్త ఏమాత్రం తడుముకోకుండా "నీళ్ళల్లో" అనేది. అడిగినవాళ్ళే తడుముకునేవాళ్ళు.

కొన్నేళ్ళ కిందట నేను ఒక పాత కారు కొన్నాను. కొన్నవాడికి దాన్ని నడపడానికి ఏదో ఒక నెపం కావాలి గదా. సెలవు దొరికితే చాలు, ఎవరో ఒకరిని ఎక్కించుకుని ఎక్కడికో తీసుకుపోయేవాణ్ణి. శనగ పైర్లు ఇంకా పచ్చగా ఉన్న చలికాలంలో ఒకరోజు మా అత్త దగ్గరికి పోయి, ఎక్కడికి పోదామో చెప్పమన్నాను. మహానంది అంటుందనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుని, "మా ఊరికి తీస్కపో" అంది. మీ ఊరు నీళ్ళల్లో ఉంది గదా అని నేను నసిగాను. "ఉంటే ఏం? నీళ్ళల్లో ఉండే ఊరికి పోగూడదా?" అంది. కారులో పెట్రోలు ఉంది.

వెలుగోడు మీదుగా పోయాం. ఆ దారిలో పోయినవాళ్ళకు తెలుసు, ఊరు దాటగానే ఒక్కసారిగా నల్లమల దగ్గరికొచ్చి నిలబడుతుంది. కొండల కింద రిజర్వాయరు. కట్ట ఎక్కి చూస్తే కొండలు రెండు వరసలుగా కనిపిస్తాయి, ఒకటి నిలువుగా, ఒకటి నీళ్ళల్లో తలకిందులుగా. అంత ఎండ దేశంలో పుట్టి పెరిగిన కంటికి అన్ని నీళ్ళు ఒకచోట కనపడితే నమ్మబుద్ధి కాదు, ఎవరో మనల్ని మోసం చేస్తున్నారనిపిస్తుంది. అడవి మీదుగా వచ్చే గాలికి తడి ఆకుల వాసన. కట్ట కింద ఒకతను చేపలు పట్టే పుట్టి బోర్లించి దాని అడుక్కి తారు పూస్తున్నాడు. అత్త చకచకా దిగిపోయి అతన్ని పలకరించింది. ఈ నీళ్ళు యాడివి అని అడిగింది. కృష్ణ నీళ్ళమ్మా, పైనుంచి కాలవలో వస్తాయి అన్నాడతను. అత్త తమ ఊరి పేరు చెప్పి, ఆ ఊరి మీద నిలిచిన నీళ్ళేనా అని అడిగింది. అతను కాసేపు ఆలోచించి, అవే నీళ్ళు, మొదట ఆడ నిలిచి తర్వాత ఈడికి దిగుతాయన్నాడు. అత్త మొహం విప్పారింది. నా వైపు తిరిగి, "చూసినావా అల్లుడా, మా పుట్టింటోళ్ళు ఈడిదాకా వచ్చినారు. ఇంత దగ్గరికొచ్చి నా ఇంటికి రాకపోతే ఎట్ల?" అంది. నేను ఆ మాటను అప్పుడు సరదాగా తీసుకున్నాను. ఆమె మాత్రం దిగి, కాళ్ళు తడుపుకుని, పుట్టింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు పలకరించినట్టే ఏదో గొణిగి వచ్చింది.

ఆత్మకూరులో కారు ఆపి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాం. ఈ బజ్జీల సంగతి కొంచెం గుర్తుపెట్టుకోవాలి, ఈ కథలో వాటికి నాకంటే పెద్ద పాత్ర ఉంది. అక్కడి నుంచి సంగమేశ్వరం వైపు పోయి, ఒకచోట దారి నీళ్ళల్లోకి దిగి ఆగిపోతే మేమూ ఆగాం. అవతల దూరంగా నీలంగా కొండలు, మధ్యలో కంటికి ఆనినంత మేరా నీళ్ళు. ఆ నీళ్ళ కింద అత్త ఊరుంది. రాతి గుండు మీద కూర్చుని, కాగితం విప్పి, అత్త ఒక బజ్జీ కొరికింది. మిగతా సగం బజ్జీని చేతిలో పట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళకు ఇల్లు చూపించినట్టు నాకు ఊరు చూపించింది. అదిగో ఆడ రచ్చకట్ట, ఈ పక్క పీర్ల చావిడి, ఆ తెల్లకొంగ వాలింది చూడు, దానికి సూటిగా కింద మా ఇల్లు. కొంగ లేచిపోయింది. ఇల్లు కొంచెం ఎడంగా జరిగిందని సర్దుకుంది.

బాధగా ఉందా అత్తా అని అడిగాను. అడగమని ఆమె అనలేదు. నా అంతట నేనే అడిగాను, ఆ నీళ్ళను చూస్తే అలా అడగాలేమో అనిపించి. ఆమె నన్ను వింతగా చూసింది. ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పని, నోట పెట్టుకోలేమని చెప్పింది. తాగే నీళ్ళకు గట్టు దిగి ఏటికి పోవాల్సిందే. ఎండాకాలం ఏరు ఎక్కడో సన్నగా పారేది, అంతవరకు ఇసకలో నడవలేక మధ్యలోనే చెలమ తీసి, అందులో నీళ్ళు ఊరేదాకా కాచుకుని, గిన్నెతో తోడి బిందె నింపుకుని, మళ్ళీ ఆ గట్టు ఎక్కాలి. జారితే బిందె పోతుంది, మళ్ళీ మొదటికి. ఆమె చిన్నతనమంతా ఆ గట్టు ఎక్కడం దిగడంలోనే గడిచిపోయింది. ఇదంతా చెప్పి, నీళ్ళవైపు చెయ్యి చాపి, ఇలా అంది: "నీళ్ళ కోసరం మేము ఏటికి పోతాంటిమి. ఇప్పుడు ఏరే మా ఇంటికొచ్చి కూచునింది. దీనికి ఏడ్చల్లనా?"

ఆ తర్వాత, న్యాయంగా, అందరి మాటా తను చెప్పలేనని కూడా అంది. "మా అన్న శానా ఏడ్చె. ఇంటి దూలం ఊడదీసి బండికెక్కిచ్చేటప్పుడు చిన్నపిల్లోని మాదిరి ఏడ్చె. వాని బాధ వానిది. కానీ వాడు ఏపొద్దూ నీళ్ళకు పోయినోడు కాదు గదా."

సరిగ్గా ఇక్కడే ఆమె ఇంకో బజ్జీ కొరికింది. అందులో మిరపకాయ మహా ఘాటైనది. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి, ముక్కు ఎర్రబడింది, కొంగుతో మొహమంతా తుడుచుకుంటూ ఆ బజ్జీలు వేసినవాడి తరతరాలనూ తలుచుకుంది. నేను నీళ్ళ బాటిల్ ఇచ్చాను. అది తాగేసి, ఖాళీ బాటిల్ తీసుకుపోయి ఒడ్డున ముంచి నింపింది. పుట్టింటి నుంచి ఆడబిడ్డ వట్టి చేతులతో పోగూడదంది. తిరుగుదారిలో నాకు దాహమేసి, తెలియక ఆ బాటిల్లో సగం తాగేశాను. అత్త ఏమనుకుంటుందోనని బిత్తరపోతే, "తాగప్పా, మా పుట్టింట్లో నీకు మర్యాద జరగద్దా" అని నవ్వింది. ఆ రోజు జరిగింది ఇంతే. నవ్వుతూ పోయాం, నవ్వుతూ వచ్చాం. అత్త ఏడవలేదు. ఆ కన్నీళ్ళు మిరపకాయవి.

ఆ వేసవిలో బనగానపల్లెలో మా దగ్గరివాళ్ళ పెళ్ళి. భోజనాలయ్యాక మామిడిపండ్లు కోసి పెట్టారు. బేనిషా పండ్ల కాలం, పందిరంతా ఆ వాసనే. అత్త లోపల పెళ్ళికూతురి దగ్గర ఉంది. పోయిన చలికాలం అత్తను ఎక్కడికో తీసుకుపోయావంట గదా అని ఎవరో నన్ను అడిగారు. మా వాళ్ళల్లో నాకు కథ బాగా చెప్తాడని పేరు. అసలు ఆ పేరే నా కొంప ముంచింది. జరిగింది జరిగినట్టే మొదలుపెట్టాను. వెలుగోడు చెప్పాను, కొండలు చెప్పాను, కొంగ కూడా చెప్పాను. ఒక్కరూ నా మొహం చూడటం లేదు, అందరి చూపూ మామిడి ముక్కల పళ్ళెం మీదే. అప్పుడు నేను పాలవాడు చేసే పని చేశాను, కాకపోతే వాడు నీళ్ళు కలుపుతాడు, నేను కన్నీళ్ళు కలిపాను. వాళ్ళన్న కళ్ళల్లోవి తీసి అత్త కళ్ళల్లో పోశాను. "ఆ నీళ్ళు చూసి అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకటే ఏడుపు" అన్నాను. నోట్లో ముక్క పెట్టుకున్న మా పెద్దమ్మ నమలడం ఆపింది. పందిరిలో ఆ మూల అంతా నిశ్శబ్దమైపోయింది. కథ చెప్పేవాడికి ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉంటుందో నేను చెప్పలేను, బేనిషాకు కూడా అంత తీపి లేదు.

తర్వాత జరిగిన పెళ్ళిలో నా కథ ఇంకాస్త పెరిగింది, అత్త ఏడుస్తూ ఇంటి గడపను పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత ఎవరింటి గృహప్రవేశంలోనో, నీళ్ళల్లోకి దిగబోతుంటే నేను చెయ్యి పట్టి వెనక్కి లాగాను. కథలో నాకూ ఒక పని ఉండాలి గదా. ఇవన్నీ అత్త లేనప్పుడే చెప్పుకునేవాళ్ళం. ఆమె వస్తుంటే అందరూ గమ్మునుండేవాళ్ళు, జాలిగా చూసి, కాఫీ తాగుతావా అని అడిగేవాళ్ళు. ఆమెకు కాఫీ పడదు.

నా కథలు విన్నవాళ్ళల్లో బావ కూడా ఉన్నాడని, అతను విని ఊరుకునే మనిషి కాదని నేను పట్టించుకోలేదు. బావ మాటలు తక్కువ మనిషి. తల్లికి నొప్పి కలిగించే వస్తువును ఇంట్లో ఉంచడు. ఆ రోజు నుంచి ఆమెను ఏ రిజర్వాయరు దగ్గరికీ పోనివ్వలేదు. అవుకు రిజర్వాయరు చూద్దామని పిల్లలు వ్యాను మాట్లాడుకుంటే, అత్తను మాత్రం ఒంటిమిట్టకు పంపించాడు. గండికోట పోయినప్పుడు ఆమెను మంత్రాలయం బస్సు ఎక్కించాడు. ఎప్పుడు నీళ్ళ మాటొచ్చినా ఏదో ఒక దేవుడు అడ్డం వచ్చేవాడు. దేవుళ్ళు విసుక్కోలేదు గానీ అత్త విసిగిపోయింది. అయినా పైకి ఒక్క మాట అడగలేదు. నాకు ఇదంతా కొంచెం కొంచెం తెలుస్తూనే ఉంది. దేనికది విడిగా తెలిసింది కాబట్టి విడిగానే మరిచిపోయాను. ఫోన్లో "నేనేం తప్పు చేసినానప్పా" అన్నాక అన్నీ ఒకచోటికి చేరాయి.

వచ్చిన ఆదివారం పొద్దున్నే వాళ్ళ ఊరు పోయాను. బావ పశువుల కొట్టం దగ్గర ఉంటే అక్కడే మొత్తం చెప్పేశాను. పెళ్ళి, మామిడి ముక్కలు, నేను కలిపిన కన్నీళ్ళు, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మంచోడివి గనక ఇట్ల చెప్తాండావు. మాయమ్మ పరువు కోసరం నీ మీదేసుకుంటాండావు" అన్నాడు. నేను ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాను, ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు. నిజం చెప్పిన మొదటి రోజే సాక్ష్యం కావాలన్నారు.

సాక్ష్యం వంటింట్లో చింతపండు పిసుకుతోంది. ఇద్దరం పోయి ఆమె ముందు నిలబడ్డాం. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అత్త చేతులు చింతపండు నీళ్ళల్లో అలాగే ఉంచి విన్నది. కొంతసేపు ఏమీ అనలేదు. ఆ కొంతసేపు నాకు పందిట్లో నిశ్శబ్దం లాగా తియ్యగా లేదు.

"మా అన్న కన్నీళ్ళు నా కండ్లల్లో పోస్తివా" అంది చివరికి. ఆ తర్వాత గొంతు తగ్గించి అన్న మాట నన్ను కోసింది. "నేను ముసిల్దాన్నయినానని, యాడన్నా జారి పడతానని, బరువని తీస్కపోవడం లేదనుకుంటినప్పా. సరేలే, మోసేటోళ్ళకు తెలుస్తుంది గదా బరువు అని గమ్మునుంటి."

బావ తల వంచుకున్నాడు. నేను అంతకుముందే వంచుకుని ఉన్నాను. అత్త చేతులు కడుక్కుంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు మనసులో ఏదీ ఎక్కువసేపు నిలవదు. మొహం మెల్లగా తేటపడింది. "నీ పుణ్యాన రాఘవేంద్రస్వామికి నా మొహం బాగా గుర్తుండిపోయింది, పో" అని నన్ను దెప్పి, "ఇంగ లేయండి, గేట్లు మూసేలోపల పోదాం" అంది. బావకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. కారు ఎక్కబోతుంటే నన్ను పక్కకు పిలిచి, మా కోసరమే అమ్మ ఇట్ల గట్టిగా ఉంటాంది, ఆడికి పోయినాక చూడు అన్నాడు.

ఈసారి బావ నడిపాడు. నేను, అత్త వెనక కూర్చున్నాం. వానలకు నల్లమల మొత్తం రంగు మారింది. టేకు చెట్లు ఇంతింత ఆకులతో, కొండ చరియల్లో వేసవి అంతా ఎండిపోయి ఉండే వాగులు ఎర్రగా దూకుతూ, మబ్బు ఒకటి కొండ నడుముకు చుట్టుకుని ఎటూ కదలకుండా. వెలుగోడు కట్ట మీద గాలికి అత్త కొంగు ఎగిరిపోతుంటే బావ పరుగున వచ్చి పట్టుకున్నాడు, తల్లి నీళ్ళల్లోకి దూకుతుందేమోనన్నట్టు. ఆమె మాత్రం నీళ్ళు పోయినసారి కంటే ఎక్కువొచ్చినాయని, తన పుట్టింటోళ్ళు ఈసారి పిల్లాజెల్లాతో దిగినారని నాతో చెప్పుకుని మురిసిపోయింది. ఆత్మకూరులో నేను మరవకుండా బజ్జీలు కట్టించాను.

ఒడ్డుకు చేరేసరికి ఎండ మెత్తబడింది. పోయినసారి మేం కూర్చున్న రాతి గుండు కనపడలేదు, దాని మీదికి కూడా నీళ్ళొచ్చాయి. అత్త ఇంకాస్త పైన కూర్చుని కాగితం విప్పింది. ఊరు ఎక్కడుందో బావకు చూపించసాగింది. కన్నతల్లి ఊరు అతను చూడటం అదే మొదలు. అతను నీళ్ళు చూడటం లేదు, తల్లి కళ్ళే చూస్తున్నాడు. రచ్చకట్ట అయింది, పీర్ల చావిడి అయింది, ఇంటి దగ్గరికొచ్చేసరికి అత్త బజ్జీ కొరికింది. ఒక్క క్షణం నోట మాట రాలేదు. కళ్ళు నిండి, చెంపల మీదికి ధారగా కారాయి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

బావ చటుక్కున లేచాడు. "చూసినావా, నేను చెప్పలే?" అని నా మీదికి వచ్చాడు. అంత పద్ధతిగా నా అబద్ధం నా కళ్ళ ముందే నిజమై కూర్చుంది. అత్త ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ రెండో చెయ్యి చాపి, సగం కొరికిన ఆ బజ్జీని కొడుకు నోటికందించింది. "తిను" అంది. "తిని, అప్పుడు మాట్లాడు."

అతను చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తిన్నాడు. నమిలాడు. మాట్లాడబోయాడు. మాట రాలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళు నిండాయి, ఆ పెద్ద మీసాల మనిషి రెండు చేతులతో కళ్ళు నులుముకుంటూ నీళ్ళ కోసం నీళ్ళవైపే పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలితో తన తల్లి పుట్టింటి నీళ్ళు గుటగుటా తాగాడు. అత్త ఆ వైపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఆ బజ్జీ చేసినవాడి చేతులు చల్లగుండాలని ఈసారి దీవించింది. కాసేపటికి బావ అక్కడే నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, మన ఇల్లు యాడంటివి మా అని అడిగాడు. ఈసారి నీళ్ళవైపు చూస్తూ అడిగాడు. అత్త దిగిపోయి అతని పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చూపించింది. నేను వెనకే ఉండిపోయాను. అక్కడ చెప్పేవాళ్ళు చెప్తున్నారు, నా అవసరం లేదు.

వచ్చేటప్పుడు ఆమె బాటిల్ నింపుకుంది. బావ ఫోను తీసి గ్రూపులో తల్లి నవ్వుతున్న ఫొటో పెట్టి, కింద ఒక్క మాట రాశాడు, "బజ్జీ" అని. ఎవరికీ అర్థం కాలేదు, అయినా అందరూ దండాలు పెట్టారు. దారిలో అత్త, ఈ నీళ్ళు కాలవ పట్టుకుని కడప దిక్కు బ్రహ్మంసాగరం దాకా పోతాయంట గదా, ఆడ ఎంతమంది దిగినారో చూసి రావల్లప్పా అని మాతో అంటూ అంటూనే నిద్రపోయింది. బాటిల్ ఒడిలో ఉంది, చేతులు దాని మీద ఉన్నాయి. మన భాషలో సంవత్సరం అనే ఏడుకు బహువచనం ఏళ్ళు, నది అనే ఏరుకూ ఏళ్ళే. ఎవరు పెట్టారో గానీ తెలిసే పెట్టారు. పోయిన ఏళ్ళు ఎక్కడికో పోయాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి కూడా పల్లం చూసుకుని ఎక్కడో ఒకచోట నిండుగా నిలిచే ఉంటాయి, దారి తెలిసినవాళ్ళు వెంట ఉంటే చూసి రావచ్చు.